అయ్యగారి సున్నా

తెర మీద గీత కదల్లేదు.

"ఇంకోసారి అడగండి," అంది డాక్టర్ బ్యూలా.

ఆమె సహాయకుడు మస్తాన్ వలీ గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా కుర్చీలో, తలకి వెండిరంగు పట్టీ బిగించుకుని కూర్చున్న మనిషి పేరు జెకర్యా. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో చిన్న బైబిలు, మొహాన చిరునవ్వు. మొన్నటిదాకా సముద్రం వైపు ఒక మిషన్ హాస్టల్‌కి వార్డెన్. ఇప్పుడు అతని కోసం ప్రయోగశాల గుమ్మం బయట ఇద్దరు కానిస్టేబుళ్ళు కాసుకుని కూర్చున్నారు.

"జెకర్యా గారూ, పక్క తడిపాడని ఆ పిల్లాణ్ణి పంపు షెడ్డులో పెట్టి తాళం వేశారు కదా. అది గుర్తు చేసుకోండి. లోపలనించి తలుపు బాదాడు. అది కూడా."

"గుర్తుంది సార్. చాలాసేపు బాదాడు," అన్నాడు జెకర్యా, నిన్నటి వాన గురించి చెప్పినట్టు. "భయం లేకపోతే ఈ పిల్లలు దారికి రారు సార్. దేవుని యెదుట చేశాను. నాకు సమాధానం ఉంది. ప్రైజ్ ది లార్డ్."

చర్చి మనుషులు సమాధానం అంటే మనశ్శాంతి. అతను అబద్ధం చెప్పడం లేదు. గీత నిలకడగా, చదునుగా, సున్నా మీదే సాగిపోతోంది.

ఆ పిల్లాడు గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడు. తాళం తీసిన దగ్గరనించీ ఇప్పటిదాకా వాడి నోట ఒక్క మాట రాలేదు.

కానిస్టేబుళ్ళు జెకర్యాని తీసుకెళ్ళాక మస్తాన్ కుర్చీలో కూలబడ్డాడు. "పోయినేడాది వార్డెన్ల పరీక్షలో ఫస్టొచ్చింది వీడే మేడమ్. మనమే పాస్ చేశాం."

"యంత్రం పాడైందేమో చూడండి."

"చూశా. భేషుగ్గా ఉంది." పట్టీ తీసి తన తలకే పెట్టుకున్నాడు. "ఏడో క్లాసులో మా ఇంటి పిల్లిని గోనెలో కట్టి కాలవ అవతల వదిలేసొచ్చాను. ఇదిగో, తలుచుకుంటున్నా."

గీత ఒక్కసారి పైకి ఎగిరి పడింది.

"చూశారా, కొబ్బరిచెట్టెక్కింది. పిల్లి కోసం ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఎక్కుతుంది. అందుకే మీ కమిటీ లెక్కలో నేను వార్డెన్‌గా పనికిరాను. వాడు పనికొచ్చాడు."

ఆ యంత్రం పేరు గీటురాయి. మనిషి తాను చేసిన చెడుని తలుచుకున్నప్పుడు, మాట పుట్టకముందే, సాకు వెతుక్కోకముందే, మెదడు లోతుల్లో ఒకచోట చిన్న కుదుపు పుడుతుంది. ఆ కుదుపుని పట్టేది గీటురాయి. హాస్టల్ పిల్లలు దాన్ని కిరీటం అంటారు. బ్యూలా దాన్ని నల్లమల చెంచులకి పెట్టి చూసింది, బెస్తలకి పెట్టింది, మస్తాన్ వాళ్ళ మసీదు పెద్దలకి పెట్టింది, వేదపండితుడికి, దేవుడే లేడని వాదించే హేతువాదికి కూడా పెట్టింది. నమ్మినవాళ్ళని ముంచడం, పసివాళ్ళని హింసించడం. ఈ రెండిటి దగ్గరా అందరి గీతా ఒకేలా ఎగిరింది. మతం మారినా, భాష మారినా, కుదుపు మారలేదు.

ఆ ఫలితం బయటికి రాగానే చర్చిల్లో పండగైంది. మంచిచెడ్డలు మనిషి మనిషికీ మారే ఇష్టాయిష్టాలు కావనీ, దేవుడు అందరి గుండెల్లోనూ ఒకే చట్టం పెట్టాడనీ మా పాస్టరయ్యగారమ్మాయి యంత్రంతో రుజువు చేసిందని చెప్పుకున్నారు. హాస్టళ్ళకి వార్డెన్లని దీనితోనే ఏరుకుందామని కమిటీ వేశారు. జెకర్యా ఉన్న హాస్టల్ మొదటిది. ఇక అన్ని జిల్లాల్లోనూ పెట్టబోతున్నారు. రేపు ఆదివారం బాపట్ల చర్చిలో దాని ప్రతిష్ఠ.

"మేడమ్," అన్నాడు మస్తాన్ పట్టీ తీస్తూ. "ఒకటడుగుతా, కోప్పడకండి. మన సున్నా ఎవరిది?"

"మస్తాన్ గారూ, మాట జాగ్రత్త."

"ఆయన్నేమీ అనట్లేదు. రంజాన్‌కి మా ఇంటికి ఖర్జూరాలు మోసుకొచ్చే పెద్దమనిషి. లెక్క అడుగుతున్నానంతే."

ప్రతి కొలతకీ ఒక సున్నా కావాలి. త్రాసుకైతే ఖాళీ పళ్ళెం ఉంటుంది. మనిషికి ఖాళీ పళ్ళెం ఎక్కణ్ణించి తేవాలి? ఆ ప్రశ్న వచ్చినప్పుడు కమిటీలో అందరి నోటా ఒకటే పేరు వచ్చింది. రెవరెండ్ ఆశీర్వాదం గారు. బ్యూలా తండ్రి. కట్టుకున్న భార్య తప్పు చేస్తే ఆమెని కూడా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల నుంచి ఆపిన మనిషి. ఆయన తలకి పట్టీ పెట్టి బతుకంతా నెమరు వేసుకోమన్నారు. గీత చెక్కు చెదరలేదు. నిర్మలమైన మనస్సాక్షి అంటే ఇదీ అని రాసుకున్నారు. అలాంటి గీత వచ్చినవాళ్ళని వార్డెన్లుగా తీసుకున్నారు. కుదుపులు వచ్చినవాళ్ళని ఇంటికి పంపేశారు.

మస్తాన్ తెర మీద రెండు గీతలు పక్కపక్కన పెట్టాడు. "ఇందులో ఒకటి అయ్యగారిది, ఒకటి జెకర్యాది. ఏది ఎవరిదో చెప్పండి."

బ్యూలా చాలాసేపు చూసింది. చెప్పలేకపోయింది.

చేతిసంచీలో పట్టేంత చిన్న గీటురాయి ఒకటి తీసుకుని స్టేషన్‌కి బయల్దేరింది.

*

బాపట్లలో ఇంటికి చేరేసరికి వీధి గుమ్మం దాకా నల్లద్రాక్ష ఉడుకుతున్న వాసన. రేపు నెల మొదటి ఆదివారం. అంటే బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షరసం సంఘమంతా కలిసి తీసుకుంటారు.

ఆ రసం కాచేది బ్యూలా తల్లి దీనమ్మ. ముప్పై అయిదేళ్ళుగా ప్రతి నెలా ఆవిడే. ఆవిడ పెళ్ళై వచ్చిన కొత్తలో అయ్యగారి భార్యగా మొదలుపెట్టిన పని. బల్ల ఆపేశాక కూడా ఆ పని ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే ఆ రుచి ఇంకెవరికీ కుదరలేదు. మూత పెట్టి చర్చికి పంపిస్తుంది. తను వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంటుంది. అందరూ లేచి ముందుకి వెళ్తుంటే మోకాళ్ళు పక్కకి జరుపుకుని దారి ఇస్తుంది. బల్ల ఆగినప్పటినించీ ఆ రసం ఒక్క చుక్క కూడా ఆవిడ నోట్లోకి పోలేదు.

"ఇదేంటే, కబురైనా లేకుండా ఊడిపడ్డావు? రేపు పొద్దున వస్తానన్నావుగా," అంది దీనమ్మ గరిటె తిప్పుతూ.

"నిన్ను చూడాలనిపించింది."

"అబ్బో. చూశావుగా, ఇక ఆ పీట లాక్కుని గింజలు వడకట్టు."

గింజలు వడకడుతూ బ్యూలా తల్లి చేతుల్నే చూస్తూ కూర్చుంది. తనకి ఎనిమిదేళ్ళప్పటి సంగతి. సువార్త మహాసభలు జరుగుతున్నాయి. అమ్మ అప్పట్లో ఆడపిల్లల బోర్డింగుకి మేట్రన్. రాహేలు అనే పిల్లకి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి, సాయంత్రానికి చనిపోయింది. మేట్రన్ సమయానికి ఎవరికీ చెప్పలేదని సంఘ పెద్దలు తేల్చారు. ఆ ఆదివారం నాన్న ప్రసంగించే పుల్పిట్ ఎక్కి, "నా భార్య అని చూడను," అని అందరి ముందూ అమ్మకి బల్ల ఆపేశాడు. ఆ రోజు ఏడవని మనిషి లేడు. అంతటి న్యాయం ఎక్కడా చూడలేదన్నారు.

బల్ల తెరుచుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. సంఘం ముందు నిలబడి "నేనే చేశాను, క్షమించండి" అని ఒప్పుకుంటే చాలు. తాగుబోతులు ఒప్పుకుని వచ్చారు, పెళ్ళాలని తన్నినవాళ్ళు ఒప్పుకుని వచ్చారు. దీనమ్మ ఒప్పుకోలేదు. మొండిదన్నారు. గర్విష్ఠి అన్నారు. రాహేలు తండ్రి పేతురు ఆ చర్చిలోనే గంట కొడతాడు. ఎదురుపడితే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాడు. బ్యూలా కూడా పదో తరగతిలో ఉన్నప్పుడు, స్నేహితురాళ్ళ ముందు తలెత్తుకోలేక, "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది?" అని తల్లి మీద అరిచింది.

"అమ్మా, ఒకసారి ఈ పట్టీ పెట్టుకుంటావా?"

"నాకెందుకే ఈ వయసులో కిరీటం?" నవ్వుతూనే తల వంచింది.

"ఏదైనా నీకు తప్పనిపించింది తలుచుకో."

"ఒకసారి నిన్ను ఊరికే కొట్టాను. గాజుగిన్నె పిల్లి పగలగొడితే నువ్వనుకుని." గీత అంతెత్తు ఎగిరింది. దీనమ్మ ఉలిక్కిపడింది. "ఏంటది?"

"తప్పు చేశామని మనసు ఒప్పుకుంటే ఇలా ఎగురుతుంది. ఇప్పుడు... రాహేలుని తలుచుకో."

దీనమ్మ కళ్ళు మూసుకుంది. గీత నెమ్మదిగా, బరువుగా, అల పొంగినట్టు పొంగి, అలాగే దిగింది. బ్యూలాకి ఆ గుర్తు బాగా తెలుసు. అది దుఃఖం. కుదుపు లేదు. ఒక్కటీ లేదు.

"అమ్మా, రాహేలు విషయంలో నువ్వే తప్పూ చెయ్యలేదు."

దీనమ్మ పట్టీ తీసి కూతురి చేతిలో పెట్టింది. "అది తెలుసుకోడానికి నీకు ఈ పట్టీ కావలసొచ్చిందా?"

బ్యూలా తల దించుకుంది. ఏడుపొస్తే బాగుండనిపించింది. రాలేదు.

"మరి ఎవరు?" అంది.

"రసం పొంగుతోంది, మంట తగ్గించు."

మంట తగ్గించడానికి వంగిన బ్యూలాకి ఎక్కడిదో ఒక వాసన గుర్తొచ్చింది. మల్లెదండ. మిషన్ వారి జీపులో ముందు సీటు. స్టేషన్లో దిగే పెద్ద ప్రసంగీకుడి మెళ్ళో వెయ్యడానికి ఒళ్ళో దండ పట్టుకుని తను కూర్చుంది, పక్కన నాన్న. ఆ ప్రయాణాన్ని తను ఎంతోమందికి ముచ్చటగా చెప్పుకుంది. జీపు కదిలాక అమ్మ వెనకాల పరిగెత్తుతూ రావడం కూడా గుర్తుంది. చెప్పులైనా లేవు. చిన్నప్పుడు అది తనని సాగనంపడానికే అనుకుంది.

"అమ్మా, ఆ రోజు జీపు వెనక ఎందుకు పరిగెత్తావు?"

గరిటె ఆగిపోయింది.

"నీకు గుర్తుందా?" అంది దీనమ్మ.

"ఎందుకు?"

"ఎందుకేంటే. పిల్ల కాలిపోతోంది. ముందు ఆస్పత్రిలో దింపి తరవాత స్టేషన్‌కి పొమ్మన్నాను. అతిథిని ప్లాట్‌ఫారం మీద నిలబెడతామా, సాయంత్రం చూద్దాం అన్నారు. బండి వెళ్ళిపోయింది." స్టవ్ కట్టేసింది. "ఆ రాత్రి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చారు. సభలయ్యేదాకా నోరు తెరవకు దీనా, కాపరి పడిపోతే మంద చెదిరిపోతుంది, ఈస్టర్‌కి నేనే లేచి చెబుతాను అన్నారు."

"ఏ ఈస్టర్‌కి?"

దీనమ్మ గిన్నె దించి మూత అందుకుంది.

"మరి ఒప్పుకోమని నిన్ను అందరూ..."

"మీ నాన్నగారూ అడిగారు. నేనే చేశానని ఒక్కసారి అనెయ్, అందరికీ విముక్తి అన్నారు. అది నా వల్ల కాలేదు. మనుషుల ముందు నోరు మూసుకుంటాను. బల్ల ముందు అబద్ధం ఎలా ఆడనే?" గిన్నె మీద మూత సర్దింది. "నాకేముంది. కూర్చోడానికి బెంచీ ఉంది. ఆయన సంగతి ఆలోచించు. ఇన్నేళ్ళు లోపల కాలుతూ, పైకి నవ్వుతూ, ప్రతి నెలా ఆ చేత్తో రొట్టె విరవాలి. నాకంటే ఆయనకే నరకం. ఆ మాట తలుచుకునే నేను ఓర్చుకున్నాను. లేకపోతే ఏనాడో పిచ్చెక్కేది."

బ్యూలా కళ్ళ ముందు చదునుగా సాగిపోయే గీత కదిలింది. చెప్పాలని నోరు తెరిచింది. తల్లి మొహం చూసి మూసుకుంది.

*

చర్చిలో రేపటి కోసం కుర్చీలు వేస్తున్నారు. పాటలు చూపించే తెల్లతెర మీదికే యంత్రాన్ని కలిపారు. పుల్పిట్ పక్క గదిలో రెవరెండ్ ఆశీర్వాదం గారు అద్దం ముందు పట్టీ సవరించుకుంటున్నారు. డెబ్బై దాటినా నిటారుగా ఉంటారు.

"రా తల్లీ. కిరీటం కుదిరిందా? మరీ రాజులాగా ఉంటే జనం నవ్వుతారు."

"తియ్యకండి నాన్నా. ఒకసారి సరిచూడాలి." బ్యూలా చేతియంత్రానికి దాన్ని తగిలించింది. "రాహేలు చనిపోయిన రోజు అమ్మ జీపు అడిగింది. మీరు ఇవ్వలేదు. అది తలుచుకోండి."

ఆయన కూతురి వంక చూశారు. ఆ చూపులో బెదురు లేదు. కాస్త విచారం మాత్రం ఉంది, సండే స్కూల్ పిల్ల తప్పు వాక్యం అప్పజెప్పినప్పటి విచారం.

"అమ్మ చెప్పిందా?"

"నేను జీపులో ఉన్నాను."

"అవును కదూ. మల్లెదండ." చిన్నగా నవ్వారు. "అడిగింది, నిజమే. నేను ఇవ్వలేదు. ఆ రాత్రి ఆ సభలో ఎంతమంది ఏడుస్తూ దేవుని వైపు తిరిగారో నువ్వు చూశావు. ఆ ప్రసంగీకుడు సమయానికి రాకపోతే అదంతా ఉండేదా? మంచిచెడ్డలు తేల్చేది మనం కాదమ్మా, దేవుడు. ఆయన ఆ రాత్రిని దీవించాడు."

"రాహేలు?"

"ఆయన చిత్తం."

"అమ్మ?"

"మీ అమ్మ త్యాగమే ఈ సంఘాన్ని నిలబెట్టింది. నేను ఎన్నడూ మరవను." ఆయన గొంతు నిజంగానే మెత్తబడింది. "మొదటి ఏడాది నాకూ గుండె మండేది. ప్రార్థించాను. ఉపవాసాలున్నాను. ఒకరోజు లేచేసరికి మంట లేదు. క్షమాపణ దొరికిందని తెలిసింది. నాకు సమాధానం ఉంది."

గీత చదునుగా ఉంది. ఒక్క రోజులోనే ఆ మాట, ఆ గీత, రెండోసారి.

"నన్ను చిన్నప్పుడు కుష్ఠురోగుల ఆస్పత్రికి తీసుకెళ్ళారు, గుర్తుందా?" అంది బ్యూలా. "ఒకాయన పొయ్యి మీది గిన్నెని ఒట్టి చేత్తో దించాడు. చెయ్యి బొబ్బలెక్కింది. ఆయన మాత్రం నవ్వుతూ మనతో మాట్లాడుతున్నాడు. నొప్పి దేవుడిచ్చిన వరం అని ఆ ఆదివారం మీరే ప్రసంగం చేశారు. స్పర్శ పోయినంత మాత్రాన నిప్పు నిప్పు కాకుండా పోదని చెప్పారు. నేను ఈ యంత్రం కట్టింది ఆ ప్రసంగం విన్నందుకు."

"అయితే?"

"మీకు మంట తగ్గింది క్షమాపణ వల్ల కాదు నాన్నా. స్పర్శ పోయింది. నష్టపోయినవాళ్ళని అడగకుండా క్షమాపణ ఎక్కణ్ణించి వచ్చింది?"

"నీ యంత్రమే నన్ను నిర్దోషి అంటోంది కదమ్మా."

"జెకర్యాని కూడా అంటోంది."

మొదటిసారి ఆయన మొహం ఎర్రబడింది. "వాడూ నేనూ ఒకటా?"

"గీత ఒకటే."

ఆయన పట్టీ తీసి అద్దం ముందు పెట్టారు. కిటికీ అవతల పేతురు గంట తాడు సరిచూసుకుంటున్నాడు. "రేపు ఏం చేస్తావు? యంత్రం తప్పంటావు, చదివిన చదువంతా బూడిదవుతుంది. నా పేరు తీస్తావు, మీ అమ్మ పాతికేళ్ళు మోసిందంతా ఒక్క నిమిషంలో నేలపాలవుతుంది. ఆలోచించుకో. నేను నీ మంచికే చెబుతున్నాను."

అది కూడా నిజంగానే అంటున్నారు. అదే బ్యూలాకి భరించరానిదైంది. దొంగ అయితే దొరికేవాడు. ఈయన దొంగ కాడు. పట్టుకోడానికి లోపల ఎవరూ లేరు.

*

ఆదివారం చర్చి కిక్కిరిసింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె, గిన్నెలు. పక్కనే ఎత్తు కుర్చీలో ఆశీర్వాదం గారు, తల మీద పట్టీ. వెనక గోడ మీద తెర, తెర మీద గీత. యంత్రం దగ్గర మస్తాన్, చెప్పులు గుమ్మం బయట విడిచి, బిక్కుబిక్కుమంటూ. చివరి బెంచీలో దీనమ్మ.

కుర్ర పాస్టర్ సీలాసు మైకు అందుకున్నాడు. "చూడండి సంఘమా! యాభై ఏళ్ళ సేవ, ఒక్క మచ్చ లేదు! ఇప్పుడు డాక్టరమ్మ రెండు మాటలు చెబుతారు."

బ్యూలా నిలబడింది. రాసుకొచ్చినదేదీ గుర్తు రాలేదు.

"ఈ యంత్రం చెడుని కొలవదు," అంది. "చెడు చేశామన్న నొప్పిని కొలుస్తుంది. నేను ఆ రెండూ ఒకటే అనుకున్నాను. నొప్పి లేనివాళ్ళని ఏరి మీ పిల్లల మీద వార్డెన్లుగా పెట్టాను. నొప్పి తెలిసినవాళ్ళని పంపించేశాను. ఒక పిల్లాడికి మాట పోయింది. మంచిచెడ్డలు దేవుడివని నమ్ముతూనే, వాటికి సున్నా పెట్టడానికి ఒక మనిషిని తెచ్చి కూర్చోబెట్టాను. ఏ మనిషీ సున్నా కాడు. ఈ యంత్రం ఏ హాస్టల్‌కీ వద్దు. ఇక్కడితో ఆపేస్తున్నాను."

గుసగుసలు లేచాయి. సీలాసు అయోమయంగా నవ్వాడు. "అదేంటి డాక్టరమ్మా, వార్డెన్ల సంగతి వేరు. అయ్యగారు సున్నా కాదంటే ఎట్లా? ఆయనేం చేశారని?"

కమిటీ పెద్దలు కూడా తలలూపారు. యంత్రం ఉంటుంది, అయ్యగారు సున్నాగానే ఉంటారు, ఇంకో జెకర్యా చేతికి తాళాలు వెళ్తాయి. బ్యూలా చివరి బెంచీ వైపు చూసింది. దీనమ్మ వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

బ్యూలా కళ్ళు తిప్పుకుంది. చెప్పేసింది. జీపు, దండ, చెప్పుల్లేని కాళ్ళు, ఈస్టర్ మాట. అన్నీ.

గుమ్మం దగ్గరనించి పేతురు నడిచొచ్చాడు. గంట తాడు లాగి లాగి వంగిపోయిన మనిషి. కుర్చీ ముందుకొచ్చి ఆగాడు.

"అయ్యగారూ. నా కూతురి కోసం దీనమ్మ గారు బండి అడిగారా?"

అబద్ధం ఆడే అవకాశం ఆయనకి ఉంది. ఆడలేదు. ఆడాల్సిన అవసరం కనిపించలేదు.

"అడిగింది పేతురూ. ఆనాటి పరిస్థితి అది. దేవుడు దాన్నంతా మేలుకే మార్చాడు."

ఎవరి కళ్ళూ ఆయన మీద లేవు. అందరూ తెర చూస్తున్నారు. ఆయన కూడా మెల్లగా వెనక్కి తిరిగి చూశారు. గోడ ఈ చివరనించి ఆ చివరికి, చాకుతో కోసినట్టు, చదునైన గీత.

"యా అల్లా," అన్నాడు మస్తాన్ గొణుగుతూ.

అప్పుడు చివరి బెంచీ కిర్రుమంది. దీనమ్మ లేచి నడవా మధ్యగా వస్తోంది. ఇన్నేళ్ళు ఆవిడ దారి ఇచ్చిన మోకాళ్ళన్నీ ఇప్పుడు పక్కకి జరిగాయి. కుర్చీ దగ్గరికి వచ్చి, ముందు తెర చూసింది. గాజుగిన్నె తలుచుకుంటే తన గీత ఎంతెత్తు ఎగిరిందో ఆవిడకి తెలుసు.

"ఇప్పుడు కూడానా అండీ?" అంది. "పేతురు మొహం చూశాక కూడా? ఏమీ లేదా లోపల?"

ఆయన ఆవిడ వంక చూశారు. వెతుకుతున్నట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు కూడా. తెరిచారు.

"లేదు దీనా."

దీనమ్మ రెండు చేతులతో ఆయన తల మీది పట్టీ తీసింది, జ్వరం మనిషికి తడిగుడ్డ తీసినట్టు నెమ్మదిగా. తీసి, బల్ల అంచు మీద పెట్టింది. "నేనేమో ఇన్నేళ్ళు ఆ మంటలో మీకు తోడున్నాననుకున్నాను," అంది. "నేనొక్కదాన్నే ఉన్నానన్నమాట అక్కడ."

పేతురు చేతులు జోడించాడు. "అమ్మగారూ..." అని మాత్రం అనగలిగాడు. ఆవిడ అతని చేతులు పట్టుకుని కిందికి దించింది.

సీలాసుకి ఏం చెయ్యాలో తోచలేదు. తెల్లగుడ్డ తీసి, పళ్ళెం, గిన్నె ఎత్తి, ఆవిడ ముందుకి తెచ్చాడు. "అమ్మగారూ, తీసుకోండి. ఈ బల్ల మీ సొంతం. ఎప్పుడూ మీదే."

గిన్నెలో నల్లగా ఆవిడ కాచిన రసం. దీనమ్మ దాని వంక చాలాసేపు చూసింది. చెయ్యి చాచింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఇవాళ కాదు బాబూ," అంది. "నిన్నటిదాకా ఇచ్చి ఉంటే తీసుకునేదాన్ని. అప్పుడు నా మనసులో ఎవరి మీదా ఏమీ లేదు. ఇవాళ ఉంది. అది పెట్టుకుని ఇక్కడ చెయ్యి చాపకూడదు."

వెనక్కి తిరిగింది. తన బెంచీ దగ్గర ఆగలేదు. దాన్ని దాటి ఎండలోకి వెళ్ళిపోయింది. బ్యూలా వెనకాలే పరిగెత్తింది. గుమ్మం దగ్గర "అమ్మా" అని పిలిస్తే దీనమ్మ ఆగింది గానీ తిరిగి చూడలేదు. "వద్దన్నాను కదే," అంది. అంతే.

లోపల ఎవరూ కదల్లేదు. బల్ల అంచు మీద పట్టీ ఖాళీగా ఉంది. ఏ తలకీ లేదు. మస్తాన్ యంత్రాన్ని ఆపడం మరిచిపోయాడు. తెర మీద అది ఇంకా గీత గీస్తూనే ఉంది. ఆశీర్వాదం గారు తలెత్తి దాన్నే చూస్తున్నారు. ఇందాకటి గీతకీ దీనికీ తేడా లేదు.